ఒంటరి శ్రోత, సామూహిక కళ

1

ఇటీవల కర్నూలులో కొందరు కళాశాల విద్యార్థుల ముందు ప్రదర్శన కళల గురించి మాట్లాడవలసి వచ్చింది. మాటల సందర్భంలో నేనొక అభిప్రాయం చెప్పాను. నాటకానికైనా, ఖవ్వాలీకైనా, పాటకచేరీకైనా ఒంటరిగా పోవడంలో ఒక ప్రత్యేకమైన ఆనందం వుందనీ, నలుగురిని వెంటబెట్టుకుని పోయేవాడికి అది దక్కదనీ, నా మటుకు నేను నలభై యేళ్లకు పైగా ఒంటరిగానే పోతున్నాననీ అన్నాను. ఇందులో వివాదం ఏముంటుందనుకున్నాను. కాని రెండు అభ్యంతరాలు వచ్చాయి.

మొదటిది నా పాత మిత్రుడిది. ఆయన రచయిత, ఉద్యమాల్లో పనిచేసినవాడు. "పదిమంది కోసం పుట్టిన కళను ఒంటరిగా అనుభవించాలనడం వ్యక్తివాదం కాదా? జనం మధ్య కూచుని, జనంతో నిమిత్తం లేకుండా ఆనందించేవాడు ప్రేక్షకుడా, కొనుగోలుదారుడా?" అన్నాడాయన. రెండోది వెనక వరసలోని ఒక అమ్మాయిది. "సార్, మీరు ఒక్కరే పోయొచ్చినారు. బాగుంది. నేను ఒక్కదాన్నే పోతే?" అన్నది. అంతే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మిత్రుడి ప్రశ్నకు ఆ రోజే ఏదో సమాధానం చెప్పాను. ఆ అమ్మాయి ప్రశ్నకు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి ఆలోచిస్తే మేమంతా నవ్విన నవ్వు నన్ను బాధించింది. ఆ రెండు ప్రశ్నలూ వేరువేరు కావనీ, మొదటిదానికి సరైన సమాధానం చెప్పాలంటే రెండోదాన్ని ఎదుర్కోక తప్పదనీ అనిపించింది. ఈ వ్యాసం ఆ ప్రయత్నం.

2

ముందు ఆ ఆనందం సంగతి చెప్పాలి. వస్తువు, దృక్పథం, సామాజిక ప్రయోజనం – వీటి గురించి మన విమర్శకులు ఎన్ని పుటలైనా రాస్తారు. వినేవాడికి సుఖం ఎక్కడ కలిగింది, ఎందుకు కలిగింది అనేది మాత్రం అలంకారికుల గొడవ అనుకుని వదిలేశారు. కళ పనిచేసేది ఆనందం ద్వారానే కనుక, ఆనందాన్ని గురించి మాట్లాడడానికి సిగ్గుపడే విమర్శ సగం విమర్శే.

ఒంటరిగా పోయినవాడు తనకు నచ్చిన చోట కూచుంటాడు. హార్మోనియం మీద ఆడే వేళ్లు చూడాలనుకుంటే ముందుకు పోతాడు. పద్యం దూరం నుంచి వింటేనే బాగుంటుందనుకుంటే లేచి చెట్టు కిందికి పోతాడు. ఎవరినీ అడగనక్కర లేదు. నచ్చకపోతే మధ్యలో లేచి పోవచ్చు. ఇవి చిన్న సుఖాలు. పెద్ద సుఖం వేరే వుంది. స్నేహితులతో పోయినవాడు పద్యం వింటూనే పక్కవాడి ముఖం చూస్తుంటాడు. వాడికి నచ్చిందా? వాడు పెదవి విరిస్తే నేనేమనాలి? బయటికి రాగానే ఎవరు ముందు మాట్లాడతారు? ఈ లెక్క లోపల నడుస్తూనే వుంటుంది. ఒంటరిగా పోయినవాడికి ఈ లెక్క లేదు. వాడి అభిప్రాయం కోసం ఎవరూ కాచుకుని లేరు. తెల్లవారి ఇల్లు చేరేదాకా ఆ రాగాన్ని వాడి మనసులో నుంచి కదిలించేవాళ్లు లేరు.

ఇంతవరకే అయితే నా మిత్రుడి ఆరోపణ నిజమే. అది సుఖలాలస, అంతకు మించి ఏమీ కాదు. కాని ఆ సుఖం దేన్ని వదిలించుకున్నందువల్ల నాకు కలిగిందో చూస్తే సంగతి మారుతుంది.

నేను పుట్టింది కర్నూలు జిల్లాలో ఒక మెట్టపల్లె. కొర్ర, జొన్న, శనక్కాయ. వాన కురిస్తే పంట, లేకుంటే వలస. ఏటా తిరునాళ్లకు నాటకం వుండేది. నాటకం ఆడించేది ఊళ్లో ఒక పార్టీ. సీమ పల్లెల్లో పార్టీ అంటే ఎన్నికల పక్షం ఒక్కటే కాదు. ఒక పెద్ద ఇంటి చుట్టూ అల్లుకున్న చుట్టరికాలు, అప్పులు, గుత్తలు, కక్షలు అన్నీ కలిస్తే పార్టీ. నాటకం ఆడించే పార్టీ వాళ్లు ముందు చాపల మీద కూచునేవాళ్లు. అవతలి పార్టీ వాళ్లు వచ్చేవాళ్లు కాదు. వచ్చినా ఒక జట్టుగా వచ్చి ఒక పక్కన జట్టుగానే కూచునేవాళ్లు. మాల మాదిగ గూడేల వాళ్లకు చోటు చాపలు అయిపోయిన తర్వాత, దీపాల వెలుగు అందని చోట. ఆడవాళ్లు పిల్లల్ని వేసుకుని ఒక వార, లేకుంటే మిద్దెల మీద.

నేను మా నాయన పక్కన కూచునేవాణ్ణి. ఆ చోటు నాకు పుట్టుకతో వచ్చింది. పద్యం ఎవరికి బాగుందో కూడా ముందే నిర్ణయమై వుండేది. మా వాళ్లు పిలిపించిన కృష్ణుడు రాగం తీస్తే "వన్స్ మోర్" అని మేము అరవాలి. అవతలి వాళ్లు మెచ్చుకున్న నటుడు పాడితే మేము చప్పట్లు కొట్టగూడదు. చదివింపులు చదివేటప్పుడు ఎవరి పేరు ముందు వచ్చింది, ఎవరి పేరు వెనక వచ్చింది అన్నదాని మీద తెల్లవారేదాకా తగాదా. కొత్త ముఖం కనబడితే అడిగే ప్రశ్న ఒకటే: "నువ్వు ఎవురి మనిషివిరా?" ఆ ప్రశ్నకు జవాబు లేనివాడు పిచ్చివాడైనా కావాలి, శత్రువు పంపినవాడైనా కావాలి. ఒంటికాయ సొంఠికొమ్ములా వచ్చి నాటకం చూసి పోయినవాణ్ణి మా ఊళ్లో నేనెన్నడూ చూడలేదు.

అది సామూహిక కళ కాదని ఎవరంటారు? ఊరంతా అక్కడే వుంది. కాని ఆ సమూహం నాటకం కోసం ఏర్పడినది కాదు. పగలు చేలల్లో, రచ్చబండ దగ్గర, పోలీసు ఠాణాలో వున్న విభజనే రాత్రి చాపల మీద పరుచుకుని కూచుంది.

3

1979లో కర్నూలులో డిగ్రీ చదివే రోజుల్లో మొదటిసారి ఒక్కణ్ణే నాటకానికి పోయాను. కావాలని పోయింది కాదు. హాస్టల్ మిత్రులు సినిమాకు పోయారు. నా దగ్గర టికెట్టుకు డబ్బు లేదు. పాతబస్తీ వైపు సత్యహరిశ్చంద్ర ఆడుతున్నారని విని నడిచి పోయాను.

కాంట్రాక్టు నాటకాల సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. హరిశ్చంద్ర నాటకానికి హరిశ్చంద్రుడు ఒక్కడే వుండడు. మొదటి అంకాలకు ఒకరు, వారణాసికి ఒకరు, కాటిసీనుకు పేరుపడ్డవాడు ఇంకొకరు. జనం ఎదురుచూసేది కాటిసీను కోసం. అది వచ్చేసరికి రాత్రి రెండు దాటింది. నేను నిలబడే వున్నాను. గోనెపట్ట పరుచుకుని కూచున్న ఒకాయన నా వైపు చూసి, "జరుగుతా రా, కూచో" అన్నాడు. మార్కెట్ యార్డులో మూటలు మోసే హమాలీ అని భుజం మీది గుడ్డ చూస్తే తెలిసింది. నా పేరడగలేదు. ఊరడగలేదు. ఎవరి మనిషివని అసలే అడగలేదు.

బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఆ నాటకంలో కాటిసీనుకు వచ్చేసరికి నటులు గుర్రం జాషువా 'శ్మశానవాటి' పద్యాలు కలిపి పాడతారు. ఇది తెలుగు రంగస్థలం మీద దశాబ్దాలుగా స్థిరపడిన ఆనవాయితీ. రాజ్యం పోయి, పేరు పోయి, భార్యాబిడ్డలు పోయి, కాటికాపరి సేవకుడుగా మిగిలిన మనిషి చితుల మధ్య నిలబడి పాడే సన్నివేశానికి, అంటరానితనాన్ని ఒంటిమీద అనుభవించిన కవి పద్యాలు ఎంతగా అతికాయో చెప్పనక్కర లేదు. ఆ రాత్రి పద్యాలు నడుస్తుండగా హమాలీ ఏడ్చాడు. భుజం మీది గుడ్డతో ముఖం తుడుచుకుని మళ్లీ ఏడ్చాడు. నాకూ కళ్లల్లో నీళ్లు వచ్చాయి. ఆపుకోలేదు. మా ఊళ్లో అయితే ఆపుకునేవాణ్ణి. మా నాయన చూస్తాడు, మా వాళ్లు చూస్తారు, "ఏందిరా ఆడపిల్ల మాదిరి" అంటారు. ఇక్కడ నన్నెరిగినవాడు ఒక్కడూ లేడు. తెలిసినవాళ్ల మధ్య ఏడవలేనివాణ్ణి తెలియనివాడి గోనెపట్ట మీద కూచుని ఏడ్చాను. తెల్లవారిన తర్వాత ఇద్దరం బొరుగులు తిని టీ తాగి విడిపోయాం.

ఆ పద్యాలు జాషువావని తర్వాత తరగతిలో తెలిసింది. అప్పుడు మా ఊరి చాపలు గుర్తుకు వచ్చాయి. ఆ పద్యాలకు మా వాళ్లు ఎన్నిసార్లు వన్స్ మోర్ కొట్టారో నాకు తెలుసు. ఆ పద్యాలు రాసిన కవి మా ఊరు వచ్చి వుంటే ఏ చాప మీద కూచోనిచ్చేవాళ్లో కూడా నాకు తెలుసు. ఉన్నతమైన సాహిత్యం హృదయాల్ని మారుస్తుందని మనం సభల్లో అంటూ వుంటాం. చాపలు మారకుండా హృదయాలు మారవని నాకు అప్పుడు తోచింది. వేదిక మీద ఎంత గొప్ప పద్యమైనా పాడవచ్చు. వేదిక ముందు మనుషులు ఎట్లా కూచున్నారన్నది కూడా ఆ ప్రదర్శన అర్థంలో భాగమే.

4

ఇక్కడ నా మిత్రుడి వాదానికి సైద్ధాంతికమైన ఆధారం ఏమిటో చూడాలి. అభ్యుదయ విమర్శకులకు సామూహిక భావోద్వేగం అన్న మాటను అలవాటు చేసినవాడు క్రిస్టఫర్ కాడ్వెల్. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టులతో పోరాడుతూ 1937లో ఇరవై తొమ్మిదేళ్లకే నేలకొరిగిన ఆ యువకుడి 'ఇల్యూజన్ అండ్ రియాలిటీ' ఆ సంవత్సరమే వెలువడింది. ఆదిమ తెగ పంటపండుగలో పాటా ఆటా ఎట్లా పుట్టాయో, రాబోయే పంట కోసం పడవలసిన శ్రమకు ఆ సామూహికమైన ఉద్వేగం మనుషుల్ని ఎట్లా సిద్ధం చేసిందో ఆయన వివరించాడు. 1943లో అభ్యుదయ రచయితల సంఘం, ప్రజానాట్యమండలి ఏర్పడిన నాటి నుంచి మన జనకళల గురించిన ఆలోచన అంతా దాదాపు ఈ మార్గంలోనే సాగింది.

కాడ్వెల్ చెప్పింది తప్పని నేననడం లేదు. ఆయన మాట్లాడింది వర్గాలు ఏర్పడని తెగ గురించి. ఆ పండుగలో ఆడేవాళ్లు అంతకుముందు పగలు కూడా కలిసే వున్నారు. శ్రమలో కలిశారు, తిండిలో కలిశారు. మన తిరునాళ్లలో చేరిన జనం అట్లా కలిసినవాళ్లు కారు. వర్గసమాజంలో, అందులోనూ కులం, ముఠా పడుగుపేకలుగా అల్లుకున్న మన సమాజంలో, జనం ఒకచోట చేరినంత మాత్రాన సమూహం ఏర్పడదు. జట్లు జట్లుగా వచ్చి జట్లు జట్లుగా పోయేవాళ్లను కూడితే వచ్చేది జట్ల మొత్తమే. దాన్ని సామూహికత అని పిలిచి, దానికి దూరంగా నిలబడినవాణ్ణి వ్యక్తివాది అనడం శాస్త్రీయం కాదు.

1968లో 'సంవేదన' పత్రికను నడిపిన కడప విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి నిర్మొహమాటానికి పేరుపడ్డవాడు. అర్థం తేల్చుకోకుండా పెద్దమాటలు వాడితే సహించేవాడు కాదు. వ్యక్తివాదం అన్న మాటను కూడా మనం అట్లాగే తేల్చుకోవాలి. తన సుఖం కోసం సమాజం నుంచి తప్పుకునేవాడు వ్యక్తివాది. పుట్టుకతో అంటగట్టిన ముఠా నుంచి తప్పుకుని, పేరు తెలియని హమాలీ పక్కన చోటు వెతుక్కునేవాడు సమాజం నుంచి తప్పుకుంటున్నాడా, సమాజంలోకి వస్తున్నాడా? భూస్వామ్య బంధాలు బలంగా వున్నచోట ఒంటరిగా పోవడం ప్రజాస్వామికమైన చర్య అని నేనంటాను. చాలా చిన్న చర్యే. కాని దానితో మొదలుపెట్టనివాడు తర్వాతి చర్యలకు పోలేడు.

5

కడపలో ఉద్యోగం చేసిన కాలంలో ఉరుసు రాత్రుల్లో అమీన్‌పీర్ దర్గాకు ఖవ్వాలీ వినడానికి పోయేవాణ్ణి. ఊళ్లో అందరూ దాన్ని పెద్ద దర్గా అంటారు. ముస్లిములూ హిందువులూ కలిసి వస్తారు. అక్కడ కూడా ఒక్కణ్ణే. నాకు ఉర్దూ అంతంత మాత్రం వచ్చు. పక్కన కూచున్న పెద్దాయన ఎవరో, నా ముఖం చూసి అర్థం కాలేదని గ్రహించి, ప్రతి చరణానికీ కడప తెలుగులో రెండు ముక్కలు చెప్పేవాడు. నా వెంట మిత్రుడెవరైనా వుంటే ఆ పెద్దాయన నాతో మాట్లాడేవాడు కాడు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాడు మధ్యకు రాడు. ఒంటరిగా వున్నవాడి పక్కన ఎప్పుడూ ఒక చోటు ఖాళీగా వుంటుంది.

పద్యనాటకానికీ ఖవ్వాలీకీ ఒక పోలిక వుంది, ఒక తేడా వుంది. రెండింటిలోనూ పాడిందే మళ్లీ పాడతారు. నాటకంలో ప్రేక్షకుడు వన్స్ మోర్ అని అరిచి అడిగితే నటుడు మళ్లీ పాడతాడు. చచ్చి పడివున్న పాత్ర అయినా లేచి పాడవలసిందే. ఖవ్వాలీలో గాయకుడే వినేవాళ్ల ముఖాలు చూస్తుంటాడు. ఏ మాట దగ్గర ఏ ఒక్కడు కదిలాడో పట్టుకుని, ఆ మాటనే పదిసార్లు తిప్పి తిప్పి పాడతాడు. అతను చూసేది గుంపును కాదు, గుంపులోని ఒక మనిషిని. ఆ ఒక్కడి కోసం పాడింది అందరికీ అందుతుంది.

సూఫీలు ఈ వ్యవహారానికి పెట్టుకున్న పేరు సమా. ఆ అరబ్బీ మాటకు అర్థం వినడం. పాడడం పేరుతో కాక వినడం పేరుతో ఒక కళాసంప్రదాయాన్ని పిలవడం గమనించదగ్గ సంగతి. 1111లో మరణించిన తత్వవేత్త గజాలీ, వినడానికి మూడు కుదరాలన్న పూర్వసూఫీల మాటను వివరించాడు: సమయం, స్థలం, సహచరులు. మన అలంకారికులు కూడా శ్రోత గురించి ఆలోచించినవాళ్లే. సహృదయుడు అన్న మాట వాళ్లదే. అభినవగుప్తుడు ఆ సహృదయుడి మనసును అద్దంతో పోల్చాడు. కాని ఆ సహృదయుడికి ఊరు లేదు, కులం లేదు, ఆడా మగా లేదు. ఆ రాత్రి ఏ చాప మీద కూచున్నాడో, ఇంటికి ఏ దారిన పోతాడో శాస్త్రం చెప్పదు. సమయం, స్థలం, సహచరులు అన్నప్పుడు వినేవాడికి కాళ్లు వచ్చాయి. ఆధునిక విమర్శ ఆ మూడింటినీ సామాజిక ప్రశ్నలుగా మార్చుకోవాలి. ఏ సమయాన ఎవరు బయట వుండగలరు? ఏ స్థలంలో ఎవరు కూచోగలరు? సహచరుల్ని ఎవరు ఎంచుకోగలరు?

ఒంటరిగా పోయేవాడికి సహచరులు వుండరనుకోవడం పొరపాటు. వాళ్లను వెంట తెచ్చుకోడు, అంతే. వాళ్లు అక్కడ దొరుకుతారు.

6

ఈ మాటలు పాతకాలపు కళలకే వర్తిస్తాయా అని అనుమానం రావచ్చు. అందుకు ఇంకొక అనుభవం చెప్పాలి. 2011 అక్టోబరు 30న బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా అనే అమెరికన్ రాక్ బృందం కచేరీ చేసింది. యాభై దాటిన తెలుగు అధ్యాపకుణ్ణి, కర్నూలులో రాత్రి బస్సెక్కి దానికి పోయాను. రెండు రోజుల ముందు ఢిల్లీ పక్కన గుర్‌గావ్‌లో జరగవలసిన వాళ్ల కచేరీ రద్దయింది. ఇదైనా జరుగుతుందా అన్న అనుమానంతోనే బయలుదేరాను.

నేను పోయింది ఒక్క పాట కోసం. 1988లో వచ్చిన వాళ్ల 'వన్' అనే పాటకు మూలం డాల్టన్ ట్రంబో నవల 'జానీ గాట్ హిజ్ గన్'. 1939లో వచ్చిన ఆ యుద్ధవ్యతిరేక నవలలో, మొదటి ప్రపంచయుద్ధంలో కాళ్లూ చేతులూ, కళ్లూ చెవులూ నోరూ పోయి మనసొక్కటే మిగిలిన సైనికుడు ఆసుపత్రి మంచం మీద నుంచి ప్రపంచంతో మాట్లాడడానికి తలతో సంకేతాలు కొడుతుంటాడు. ట్రంబో కమ్యూనిస్టు. అమెరికా చట్టసభ విచారణ సంఘం ముందు జవాబు చెప్పడానికి నిరాకరించి 1950లో జైలుకు పోయిన హాలీవుడ్ రచయిత. వెలి వేసిన ఆ రచయిత నవల, ఆయన చనిపోయిన పన్నెండేళ్లకు, రాక్ సంగీతం ద్వారా కోట్లమంది చెవులకు చేరింది. ఈ సంగతి మన సాహిత్య విద్యార్థులు తెలుసుకోదగ్గది.

మైదానమంతా నల్ల చొక్కాల కుర్రవాళ్లు. వాళ్లలో నా తెల్ల చొక్కా ఒక్కటే వెలుగుతుంటే మొదట ఇబ్బందిపడ్డాను. కాసేపటికి అది ఎవరికీ పట్టలేదని తెలిసింది. దీపాలు ఆరి, చీకట్లో తుపాకుల చప్పుడు మొదలై, ఆ తర్వాత ఒక్క గిటారు సన్నగా పలికింది. అంతవరకు చెవులు చిల్లులు పడేటట్టు అరిచిన జనం ఆగిపోయారు. నాకు కర్నూలు కాటిసీను గుర్తుకు వచ్చింది. పోలిక ఊరికే వచ్చింది కాదు. అక్కడ అన్నీ పోగొట్టుకుని చితుల మధ్య మిగిలిన ఒక మనిషి. ఇక్కడ దేహమే పోగొట్టుకుని మంచం మీద మిగిలిన ఒక మనిషి. రెండుచోట్లా ఒక ఒంటరివాడి గొంతును వేలమంది కలిసి వింటున్నారు. పాట ముదిరి డోళ్లు తుపాకుల్లా మోగుతున్నప్పుడు ఆ మోత కాళ్ల కింది నేల నుంచి ఒంట్లోకి వచ్చింది. పక్కనున్న కుర్రవాడు నన్ను పట్టించుకోకుండా గెంతుతూ నా మీద పడి, "సారీ అంకుల్" అని, నా చేతిలోని సంచి తీసి తన భుజానికి తగిలించుకుని మళ్లీ గెంతాడు. కచేరీ అయిపోయిన తర్వాత సంచి తిరిగి ఇస్తూ నా మాట యాస పట్టుకుని, "యాడ్నుంచి వచ్చినావున్నా?" అన్నాడు. అంకుల్‌ను అన్నను చేసింది ఆ యాస. ప్రొద్దుటూరు పిల్లవాడు.

మా ఊళ్లో అడిగే ప్రశ్నకూ ఈ ప్రశ్నకూ తేడా గమనించండి. ఎవరి మనిషివి అన్న ప్రశ్నలో నేను ఒకరి సొత్తును. ఎక్కడి నుంచి వచ్చావన్న ప్రశ్నలో నేను నడిచి వచ్చినవాణ్ణి.

ఈ అనుభవాన్ని చూపి పెట్టుబడిదారీ వినోదాన్ని నెత్తికెత్తుకోవాలని నేననడం లేదు. టికెట్టు నా జేబుకు బరువే. మార్కెట్ యార్డు హమాలీకి అసలే అందదు. ఇవాళ పెద్ద కచేరీల్లో టికెట్టు వెలను బట్టి కంచెలు కట్టి జనాన్ని విడదీయడం మామూలైపోయింది. అక్కడ చాపలు కులాన్ని బట్టి పరిస్తే ఇక్కడ కంచెలు డబ్బును బట్టి కడుతున్నారు. పోతే, చెవుల్లో యంత్రాలు పెట్టుకుని ఒంటరిగా వినేవాణ్ణి కూడా నా వాదంలోకి లాగవద్దు. వాడు ఎక్కడికీ పోలేదు. పక్కవాడి చెమట, పక్కవాడి ఏడుపు, పక్కవాడి గోనెపట్ట – ఇవి లేని ఒంటరితనం వ్యాపారానికి అనుకూలమైన ఒంటరితనం. నేను చెప్పేది పోవడం గురించి.

7

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న.

మా అమ్మకు హరిశ్చంద్ర పద్యాలు సగానికి పైగా నోటికి వచ్చు. చదువు లేదు. రాగి పిండి విసురుతూ సన్నగా పాడుకునేది. పెద్దవాణ్ణయిన తర్వాత ఒకసారి, "నాటకం ఎప్పుడు చూసినావమ్మా?" అని అడిగాను. "చూసేదెక్కడ నాయనా, మిద్దె మీద నుంచి వింటి. హరిశ్చంద్రుడు ఎట్లుంటాడో నాకేం తెలుసు?" అన్నది. నేను మా నాయన పక్కన చాప మీద కూచుని పార్టీ చప్పట్లు కొడుతున్న రాత్రుల్లో, మా అమ్మ మట్టిమిద్దె మీద చీకట్లో కూచుని, గాలి ఇటు తిరిగినప్పుడు వినబడిన పద్యాలు ఏరుకుంది.

మా అమ్మ కూడా ఒంటరి శ్రోతే. నాకు దక్కిన ఏకాగ్రత ఆమెకూ దక్కింది; బహుశా నాకన్నా ఎక్కువే దక్కింది. కాని ఒంటరిగా మిగలడం వేరు, ఒంటరిగా పోవడం వేరు. చాపల దగ్గరికి దిగివచ్చి తనకు నచ్చిన చోట కూచుని విని పోయే హక్కు ఆమెకు లేదు. ఇన్నేళ్లు నేను ఆనందం అని పిలిచినదానికి అడుగున ఆ హక్కు వుంది. అది నాకు వుందని కూడా నాకు తెలియదు. ఎవరూ అడ్డుకోనివాడికి దారి కనబడదు.

మన నాటకరంగ చరిత్రకారులు ఆడమనిషి వేదిక ఎక్కిన కథను శ్రద్ధగానే రాశారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారి కుటుంబం కీచకవధ ఆడడంతో మొదలైన సురభి సమాజాల్లో ఆడపాత్రలు ఆ కుటుంబాల ఆడవాళ్లే ధరించారు. బళ్లారి రాఘవ స్త్రీపాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, చదువుకున్న స్త్రీలను రంగస్థలానికి తెచ్చాడు. 1940లలో మోటూరు ఉదయం మొదలైనవారు మహిళా బుర్రకథ దళం కట్టి ఊరూరా తిరిగారు. ఇవన్నీ మనం గర్వంగా చెప్పుకునే సంగతులు. కాని ఆడమనిషి వేదిక ముందుకు ఒక్కతే వచ్చి కూచున్న కథ ఎక్కడా లేదు. నటి చరిత్ర రాశాం, ప్రేక్షకురాలి చరిత్ర రాయలేదు. వేదిక మీద ఆమె కనబడడానికి ఒప్పుకున్న సమాజం, వేదిక ముందు ఆమె ఎవరికీ చెందకుండా కూచోడానికి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

ఆ ఒప్పుకోకపోవడం మాటల్లో వుండదు, వివరాల్లో వుంటుంది. పద్యనాటకం రాత్రి పదికి మొదలై తెల్లవారుజామున ముగుస్తుంది. నేను బస్టాండు బల్ల మీద కునికి తొలిబస్సు ఎక్కుతాను. ఆ అమ్మాయి ఎక్కడ కునుకుతుంది? మైదానంలో మగవాళ్లు గోడవారకు పోతారు. ఆమె ఎక్కడికి పోతుంది? హమాలీ నాకు చోటిచ్చి పేరడగలేదు. ఆమెను అడగకుండా వుంటారా? 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేకుండా ప్రయాణం వచ్చింది. మంచిదే. డబ్బు అడ్డు తొలగింది. రాత్రి అనే అడ్డు అట్లాగే వుంది.

కనుక నా మిత్రుడికి ఇప్పుడు సరైన సమాధానం చెప్పగలను. ఒంటరిగా పోవడం వ్యక్తివాదం కాదు. కాని కొందరికే దక్కినంత కాలం అది ప్రత్యేక హక్కు. అందరికీ దక్కినప్పుడే అది ప్రజాస్వామ్యం. ఒక ప్రదర్శన ఎంత ప్రజాస్వామికమైనదో కొలవడానికి ఎంతమంది వచ్చారని లెక్కపెడితే చాలదు. ఒంటరిగా ఎవరు రాగలిగారని చూడాలి. ఒక దళితుడు ఎవరి వెంటా కాకుండా వచ్చి ముందు వరసలో కూచోగలిగాడా? ఒక ఆడమనిషి రెండు గంటల రాత్రి కాటిసీను విని, ఏడ్చి, టీ తాగి ఇంటికి పోగలిగిందా? వేదిక మీద ఏ విప్లవగీతం పాడినా, ఈ రెండు ప్రశ్నలకూ లేదన్న జవాబు వస్తే, ఆ ప్రదర్శనలో ఇంకా మా ఊరి చాపలే పరిచి వున్నాయని అర్థం.

ఇది మన సాహిత్యసభలకు కూడా వర్తిస్తుంది. అక్కడ కూడా మనం జట్లుగానే వస్తాం, మన జట్టు వక్తకే చప్పట్లు కొడతాం. ఏ జట్టుకూ చెందని విద్యార్థి ఎవరైనా వెనక బెంచీలో కూచుంటే, "ఎవరి శిష్యుడు?" అని అడుగుతాం. ఆ ప్రశ్నకు మూలం మా ఊరి రచ్చబండ దగ్గర వుంది. సభలు రాత్రి తొమ్మిదికి సాగదీసి, ఆడవాళ్లు రావడం లేదని వ్యాసాలు రాస్తాం. సభను సాయంత్రం ఆరుకు ముగించడం సాహిత్య విమర్శ కాదనుకుంటాం. అది కూడా విమర్శలో భాగమేనని నా అభిప్రాయం.

ఒంటరిగా పోవడంలో ఆనందం వుందని ఆ రోజు విద్యార్థులకు చెప్పాను. ఆ మాటను ఉపసంహరించుకోను. అయితే ఆ ఆనందంలో ఎంత భాగం సంగీతానిదో, ఎంత భాగం నేను మగవాణ్ణి కావడానిదో విడదీసి చెప్పలేదు. అడిగిన అమ్మాయికి జవాబుగా నవ్వాను. ఆ నవ్వినవాళ్లలో నేనూ వున్నాను కనుక ఈ సవరణ అచ్చులో వుండడం న్యాయం.